నెమ్మదమ్మ మాట

ప్రియమైన అక్కా,

నిన్నూ బావనూ పిల్లలనూ దేవుడు చల్లగా చూడాలి. కుశల ప్రశ్నలు ఇంతటితో సరి. ఈ రోజు నాకు అంతకు మించి ఓపిక లేదు.

మా ఆసుపత్రి లాండ్రీలో నెమ్మదమ్మ చెయ్యి యంత్రంలో పడింది. ఆమె అసలు పేరు వేరే. మాటల్ని ఒక్కొక్కటిగా ఏరి పెడుతున్నట్టు మాట్లాడుతుందని మేమంతా అలా పిలుస్తాం. మేమిద్దరం రోలరు యంత్రం దగ్గర జంట. ఉతికిన దుప్పటిని ఆమె ఒక అంచూ నేను ఒక అంచూ పట్టుకుని యంత్రం నోటికి అందిస్తాం. లోపల కాలుతూ తిరిగే రెండు రోలర్లు దాన్ని లాక్కుని, ఇస్త్రీ చేసి అవతలికి వదులుతాయి. రోలర్ల ముందు ఒక అడ్డుకడ్డీ ఉండాలి. వేలు దానికి తగిలితే చాలు, యంత్రం ఆగిపోతుంది. తడి దుప్పటి బరువుకు కూడా ఆగుతోందనీ, పని తెమలడం లేదనీ మా సూపర్‌వైజరు దాన్ని విప్పించి గోడకు ఆనించి పెట్టించాడు. నా కళ్ళ ముందే.

ముడుచుకుపోయిన అంచును సరిచెయ్యబోయింది నెమ్మదమ్మ. ఆ తర్వాత ఏం జరిగిందో రాయను. ఆపే మీట ఎదురు గోడకు ఉంది. నేను పరుగెత్తాను. అంతవరకే రాయగలను.

ఆమెను పైవార్డుకు మోసుకెళ్ళి నేను తిరిగొచ్చేసరికి అడ్డుకడ్డీ దాని చోట బుద్ధిగా కూర్చుని ఉంది. పైఅధికారులకు సూపర్‌వైజరు చూపిస్తున్నాడు: కడ్డీ ఎప్పుడూ ఇక్కడే ఉందండీ, ఆమే పరధ్యానంగా దాని కిందుగా చెయ్యి పెట్టింది అని. నా చేతికి అందింది ఒక తడి దుప్పటి. దాన్ని అతని ముఖాన కొట్టాను. నోటికొచ్చిందల్లా అన్నాను. నోటికి ఏమేం వస్తాయో నీకు తెలుసు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని నన్ను ఇంటికి పంపేశారు.

ఇంకా వినక్కా. ఆ సూపర్‌వైజరు మా చర్చి సంఘంలో పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, పిల్లల సండే స్కూలు తరగతి ఇక నువ్వు చెప్పొద్దమ్మా అన్నారు. విశ్వాసురాలైన స్త్రీకి మృదువైన మనసే నగ అట, ఆ నగ నా ఒంటి మీద లేదట. నెమ్మదమ్మ ఎలా ఉందని ఆయన అడగలేదు.

పాస్టరు భార్యవని నాకు బైబిలు వాక్యాలు రాసి పంపకు. అవి నాకూ వచ్చు.

నీ చెల్లెలు,
చిటపట

*

నా బంగారు చిటపటా,

ప్రభువు నీకు తోడుగా ఉండాలి. కాగితం చెయ్యి కాలుస్తుందేమోనని నీ ఉత్తరాన్ని దూరంగా పట్టుకుని చదివాను. నువ్వు పుట్టినప్పుడు, ఈ పిల్ల ఏడవడం లేదు, పోట్లాడుతోంది అందట అమ్మ. అప్పటి నుంచీ అంతే.

నెమ్మదమ్మ కోసం మా స్త్రీల కూటంలో అందరం మోకరించాం. ఒకామె వెక్కి వెక్కి ఏడ్చింది. నెమ్మదమ్మ ఎవరో కూడా మాకు తెలియదు కదా, అయినా ఆ చెయ్యి మా అందరిదీ అనిపించింది.

ఇక ఈ మాట ఎలా రాయాలో తెలియక ఒక పూటంతా కాగితం ముందు కూర్చున్నాను. మీ సూపర్‌వైజరు మీ బావకు ఫోను చేశాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే వసతిగృహంలో చదువుకున్నవాళ్ళట. నువ్వు క్షమాపణ రాసిస్తే విషయం పెద్దది కాకుండా చూస్తానన్నాడు. మీ బావ నాలుగు వాక్యాలు రాసిపెట్టారు. ఆ కాగితం ఇందులో ఉంది. కింద సంతకం చేస్తే చాలు.

కోపగించుకోకు. నీటికి నాచు తెగులు, మాటకు మాట తెగులు. నువ్వు ఒకటంటే అతను పది అంటాడు, చివరికి అందరికీ నీ అరుపే గుర్తుంటుంది. సాత్వికం అంటే చేతకానితనం కాదమ్మా. కళ్ళెం వేసిన గుర్రం లాంటిదని మా కూటంలో చెబుతుంటాను. బలం ఎక్కడికీ పోదు, అదుపులో ఉంటుంది. నీ బలం నాకు తెలుసు. దానికి కళ్ళెం లేదన్నదే నా బెంగ.

ఉద్యోగం పోతే ఏం చేస్తావు? ఒంటరిదానివి. ఆలోచించు.

ప్రేమతో,
నీ అక్క

*

అక్కా,

ఆ కాగితాన్ని ఎంత చిన్న ముక్కలుగా చెయ్యవచ్చో అంత చిన్న ముక్కలు చేశాను. ఈ కవరులో ఉన్నవి అవే. బావకు ఇవ్వు, తీరిక ఉన్నప్పుడు అతికించుకుంటాడు.

'నా తొందరపాటు వల్ల కలిగిన అపార్థానికి' అని రాశాడు. ఏది అపార్థం? నెమ్మదమ్మకు రెండు వేళ్ళు తీసేశారు. అరచెయ్యి కాలి ముడుచుకుపోయింది, ఇక పూర్తిగా తెరుచుకోదన్నారు. అది కుడిచెయ్యి. ఆ చేత్తోనే మంచాన ఉన్న తల్లికి ముద్ద పెట్టేది. ఎవరు ఏది అపార్థం చేసుకుంటే ఆ వేళ్ళు ఊడాయి?

గుర్రానికి కళ్ళెం ఎవరు వేస్తారక్కా? ఎక్కేవాడు వేస్తాడు. తనంతట తానే కళ్ళెం తగిలించుకున్న గుర్రాన్ని నువ్వు చూశావా? మీ కూటంలో ఆడవాళ్ళకు ఈ పాఠం చెప్తారు. మగవాళ్ళకు ఏ కూటంలో చెప్తారు? మా లాండ్రీలో యంత్రాల మోత కంటే పెద్ద గొంతు ఆ సూపర్‌వైజరుది. ఉదయం అడుగు పెట్టింది మొదలు అరుస్తూనే ఉంటాడు. అతని మృదుత్వం గురించి ఏ పాస్టరూ బెంగపెట్టుకోలేదు. ప్రభువు దేవాలయంలో వ్యాపారుల బల్లలు తోసేసినప్పుడు, కాస్త తొందరపడ్డావయ్యా, ఇక్కడ సంతకం పెట్టు అని ఎవరైనా కాగితం తెచ్చారా?

నేను ఊరికే కూర్చోలేదు. రోజూ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడుతున్నాను. అతని స్కూటరు రాగానే, కడ్డీ తీసింది నువ్వే అని అందరికీ వినపడేలా చెబుతున్నాను. కాపలావాళ్ళు రెండుసార్లు గెంటేశారు. మడతల బల్ల దగ్గర పనిచేసే ఆమె అన్నీ చూసింది. నిజం చెప్పమని ఆమె ఇంటికి వెళితే తలుపు వేసుకుంది. పిరికిదానా అని బయటి నుంచే అరిచి వచ్చాను. అందరూ పిరికివాళ్ళే. అందరూ మృదువైనవాళ్ళే.

నిన్ను చిన్నప్పుడు వెన్నముద్ద అని పిలిచేవాళ్ళం. ఇప్పుడు తెలుస్తోంది, వెన్నకు సొంత రూపం ఉండదు, ఏ గిన్నెలో పెడితే ఆ రూపం.

ఇక నీకు రాయను.

నీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లీ,

ఆ తర్వాత నేను రాసిన ఉత్తరాలకు నీ నుంచి జవాబు లేదు. అందినా చదవడం లేదేమో. ఇది చిన్నదే, చదువు.

వెన్నముద్ద మాటకు నొచ్చుకున్నాను. నొచ్చుకోలేదని రాస్తే అది అబద్ధం. గుర్రం, కళ్ళెం మాట మాత్రం మా కూటంలో ఇక చెప్పడం లేదు. కళ్ళెం ఎవరు వేస్తారని నువ్వు అడిగాక అది చెప్పబుద్ధి కాలేదు. మరో పోలిక దొరికేదాకా పోలిక లేకుండానే చెబుతాను.

క్షమాపణ రాయమని ఇక నిన్ను అడగను. ఒక్క ప్రశ్న అడుగుతాను. నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ మళ్ళీ చదివాను. సూపర్‌వైజరు ఏమన్నాడో ఉంది. పాస్టరు గారు ఏమన్నారో ఉంది. నువ్వు ఏమన్నావో దండిగా ఉంది. నెమ్మదమ్మ అన్న మాట ఒక్కటి కూడా లేదు.

ఆమె ఏమంటోంది?

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమీ అనుకోకు. నీ ప్రశ్న చదవగానే ఒళ్ళు మండింది. ఆమె ఏమంటుంది, నొప్పితో ఉంది కదా అనుకున్నాను. ఎంత గింజుకున్నా ఆమె అన్న మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. మంట ఇంకా పెరిగింది.

అప్పటికే ఆమెను ఇంటికి పంపేశారు. నేను రోజూ వెళ్తూనే ఉన్నాను. వెళ్ళడం, గేటు దగ్గర జరిగిందంతా చెప్పడం, పళ్ళు నూరడం, రావడం. ఆ రోజు వెళ్ళి కూర్చుని, నువ్వు చెప్పు, నీకేమనిపిస్తోంది అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నేనైతే అప్పటికి మూడు సంగతులు చెప్పేసి ఉండేదాన్ని.

"నువ్వు వచ్చి వెళ్ళాక... నొప్పి ఎక్కువవుతోంది," అంది.

నాకు అర్థం కాలేదు.

"నా చెయ్యి పోయింది. నీ నోరు పెరిగింది. ఊరంతా నీ కోపం గురించే చెప్పుకుంటున్నారు. నన్ను... ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

పక్క మంచం మీద ఆమె తల్లి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆవిడ కూడా వింటోందని తెలుస్తూనే ఉంది. లేచి బయటికొచ్చాను. మెట్లు దిగుతూ నెమ్మదమ్మను కూడా తిట్టుకున్నాను అక్కా. నీ కోసం ఉద్యోగం పోగొట్టుకుంటే, సండే స్కూలు పోగొట్టుకుంటే, ఇదా నువ్వు అనేది అని. సందు మలుపు దాటేదాకా ఆ తిట్లు సాగాయి. ఆ తర్వాత దుకాణం అరుగు మీద కూలబడ్డాను. ఆమె చెప్పింది నిజం. ఆ దుప్పటి విసిరింది ఆమె కోసం అనుకున్నాను. విసిరాక నాకు ఎంత హాయిగా ఉందో నాకే తెలుసు. ఆమెకు మాత్రం ఏమీ ఒరగలేదు.

మర్నాడు వెళ్ళి క్షమించమని అడగలేదు, ఆ మాట నాకు తిన్నగా రాదు. ఒంటిచేత్తో తల దువ్వుకోలేక జుట్టంతా చిక్కులు పడి ఉంది. దువ్వెన తీసుకుని వెనక కూర్చున్నాను. కోపంగా ఉన్నవాళ్ళు చిక్కు తియ్యలేరక్కా. చిక్కుతో పాటు జుట్టూ ఊడి వస్తుంది. ఒక చోట గట్టిగా లాగాను. అబ్బా అంది. అప్పటి నుంచి కిందనుంచి కొంచెం కొంచెంగా తీశాను. ఆ కాసేపట్లో ఆమె, నా ముఖం కనపడకపోవడం వల్లనో ఏమో, నాతో ఎన్నడూ లేనంత మాట్లాడింది.

అతన్ని జైల్లో పెట్టించాలని ఆమెకు లేదు. పరధ్యానంగా ఉందని తన గురించి రాసిన మాట కొట్టేయించాలి. తన చోట రేపు ఇంకో పిల్ల నిలబడుతుంది, ఆ కడ్డీని మళ్ళీ ఎవరూ విప్పలేకుండా చెయ్యాలి. ఈ రెండూ తన నోటితోనే చెప్పాలి. "నా తరఫున... నువ్వు చెప్పొద్దు. నా పక్కన ఉండు," అంది. మడతల బల్ల ఆమె ఇంటికి తను వెళ్తానంది. నన్ను మాత్రం రావద్దంది.

విచారణ దగ్గరపడింది. ఆమె ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఒక బండి వెళ్ళేంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో వాళ్ళు దూరతారు. వాళ్ళ కంటే ముందు నేను దూరతానేమోనని నా భయం. ఇప్పటికైనా నిజం చెప్పు. నువ్వు శాంతంగా ఎలా ఉంటావు? కూటంలో చెప్పేది వద్దు. నాకు చెప్పు.

నీ చెల్లెలు,
చిటపట

*

నా చెల్లీ,

శాంతంగా ఎలా ఉంటావని అడిగావు. ఉండను.

పాస్టరమ్మ అంటే అందరికీ నవ్వుముఖమే కావాలి. ఏ వేళప్పుడు వచ్చి తలుపు తట్టినా కాఫీ ఇవ్వాలి. మా ఆయన ప్రసంగంలో సగం నేను ఏరి పెట్టిన మాటలే, ఆ సంగతి ఆయన ఎన్నడూ చెప్పరు. నాకు కోపం రాని రోజు లేదు. నువ్వు దాన్ని బయటికి విసురుతావు. నేను లోపలికి మింగేదాన్ని. మింగిన కోపం అరగదు చెల్లీ, ఒంట్లో ఎక్కడో ఒకచోట కూర్చుని నొప్పి పెడుతుంది.

ఇప్పుడు చేస్తున్నది ఒకటుంది. తెల్లవారాక మందిరం ఊడవడానికి వెళ్తాను. ఎవరూ ఉండరు. తలుపు వేసుకుని, చీపురు చేతిలో పట్టుకునే దేవుడితో పోట్లాడతాను. ఎవరి మీద కోపమో పేరు పెట్టి చెబుతాను. పెద్దపెద్ద మాటలు ఉండవు, ఉన్నదున్నట్టు చెబుతాను. కొన్నిసార్లు బెంచీని చీపురుతో బాదుతాను. ఆయన ఇంతవరకూ నన్ను మందిరంలోంచి పొమ్మనలేదు. అక్కడ అరిచేస్తే మనుషుల దగ్గరకొచ్చేసరికి గొంతు దిగి ఉంటుంది. నాకు తెలిసిన శాంతం ఇంతే. ప్రయత్నించి చూడు.

ఇంకో సంగతి. మీ సూపర్‌వైజరు మా ఇంటికి వచ్చాడు. నీది చిన్నప్పటి నుంచీ అదుపులేని బుద్ధి అనీ, నీ మాట నమ్మదగింది కాదనీ మీ బావ చేత రాయించుకోవడానికి. మీ బావ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. తోబుట్టువును కాబట్టి నన్ను కూడా కింద సంతకం పెట్టమన్నారు.

చెల్లీ, నా చేతిలో కాఫీ పళ్ళెం ఉంది. విసరాలనిపించింది. నువ్వు దుప్పటి ఎందుకు విసిరావో ఆ క్షణంలో నాకు పూర్తిగా అర్థమైంది. పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"మా చెల్లెలు కోపిష్టిదే," అన్నాను. "కానీ అబద్ధమాడే మనిషి కాదు. రెండూ రాయండి, సంతకం పెడతాను."

రెండోది అక్కర్లేదమ్మా అన్నాడు అతను. అయితే మొదటిదీ లేదన్నాను. నా గొంతు పెరగలేదు. మీ బావ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. కాసేపటికి కలం మూత పెట్టేశారు. అతను కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మీ బావ ఆ రోజు నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. పరవాలేదు. అతను వెళ్ళాక వంటగదిలోకి వెళ్ళి గడప మీద కూర్చుండిపోయాను. కానీ ఆ వేళ ఒంట్లో ఎక్కడా ఆ నొప్పి లేదు.

ప్రేమతో,
నీ అక్క

*

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరాన్ని నా సంచిలో పెట్టుకుని విచారణకు వెళ్ళాను. మా సంఘం మందిరానికి తాళం వేసి ఉంటుంది కాబట్టి, పొద్దున్నే మా ఇంటి స్నానాలగదిలో కుళాయి తిప్పి దేవుడితో పోట్లాడాను. పక్కింటావిడ తలుపు కొట్టి, ఎవరైనా జారిపడ్డారా అని అడిగింది.

పొడుగాటి బల్లకు అవతల ముగ్గురు అధికారులు. ఇవతల ఒక పక్క అతను, ఒక పక్క మేం. ముందు అతను చెప్పాడు. చక్కగా, తడుముకోకుండా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు దేవుడి పేరు తెచ్చాడు.

తర్వాత నెమ్మదమ్మను చెప్పమన్నారు. ఆమె లేచి నిలబడి, "ఆ రోజు..." అని ఆగింది. ఒక అధికారి గడియారం చూసుకున్నాడు. "దుప్పటి..." అని మళ్ళీ ఆగింది.

"ఆమెకు మాట సరిగా రాదండీ, నేను చెబుతాను," అన్నాడు అతను.

నా నోటి దాకా వచ్చింది ఇక్కడ రాస్తే నీ ఇల్లు మైల పడుతుంది. నాలుక పళ్ళ మధ్య పెట్టి నొక్కాను. ఊపిరి ఒకసారి వదిలాక, ఎవరిదో అనిపించేంత చిన్న గొంతుతో అన్నాను.

"ఆవిడ చెబుతున్నారండీ. పూర్తి కానివ్వండి."

గడియారం చూసుకున్న అధికారి కలం కింద పెట్టి, ఆమె వైపు కుర్చీ తిప్పుకున్నాడు. అంతే అక్కా, ఆమెకు కావలసింది అంతే. మొత్తం చెప్పింది. కడ్డీ ఎప్పుడు తీశారో, ఎవరు తియ్యమన్నారో, ఏ గోడకు ఆనించారో, అంతా చెప్పింది. ఆమె ఆగిన ప్రతిసారీ ఆ గది ఆగింది. ఆ ఖాళీల్లోకి నేను దూరలేదు. దూరకుండా ఉండటానికి, యంత్రం మీటకోసం ఆ రోజు పరుగెత్తినప్పటి కంటే ఎక్కువ బలం పట్టింది.

ఆ తర్వాత తలుపు దగ్గర నుంచి మడతల బల్ల ఆమె, నేనూ చూశానండీ అంటూ ముందుకొచ్చింది. నేను తలుపు బద్దలయ్యేలా అరిచినా రాని మనిషి, నెమ్మదమ్మ వెళ్ళి రెండు సాయంత్రాలు పక్కన కూర్చుంటే వచ్చింది. అప్పుడు అతను అరిచాడు. లేచి, బల్ల గుద్ది, మమ్మల్ని ముగ్గురినీ కలిపి అనరాని మాట అన్నాడు. అధికారులు అతన్ని కూర్చోమన్నారు.

దుప్పటి విసిరావా అని నన్ను అడిగారు. విసిరానన్నాను. అది తప్పే, కానీ కడ్డీ గురించి చెప్పింది నిజం అన్నాను.

తీర్పు వారం తర్వాత వచ్చింది. పరధ్యానం అన్న మాట కొట్టేశారు. అడ్డుకడ్డీని యంత్రానికి అతికించేశారు, ఇక విప్పడానికి కుదరదు. నెమ్మదమ్మకు బట్టలు అప్పజెప్పే కిటికీ దగ్గర పని ఇచ్చారు. అతన్ని లాండ్రీ నుంచి తీసేశారు. నన్ను మురికి గుడ్డలు వేరుచేసే గదిలో వేశారు, దుప్పటికి శిక్ష. సండే స్కూలు తిరిగి ఇవ్వలేదు. ఆ కోపం అలాగే ఉంది. పాస్టరు గారితో మాట్లాడటానికి అనుమతి అడిగాను. ఈసారి గొంతు దించుకుని అడుగుతాను, కానీ అడగడం మానను.

నీకు అసలు రాయాలనుకున్నది ఇది. తీర్పు చదివిన రోజు మేం బయటికొచ్చేసరికి అతను వరండాలో నిలబడి ఉన్నాడు. నెమ్మదమ్మ దగ్గరికి వచ్చి, నీ కోసం ప్రార్థన చేస్తున్నానమ్మా అన్నాడు. చూపు నేల మీదే ఉంది.

నాకు ఎన్ని మాటలు దొరికాయో. ఒక్కటీ అనలేదు. భయపడి కాదు. నెమ్మదమ్మ మాటలు ఏరుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

ఆమె చేతి మీది గుడ్డ మెల్లగా విప్పింది.

"ముందు... చూడండి," అంది.

అతను చూడలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వరండాలో వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని వెళ్తున్నారు. ఆమెకు తొందరలేదు కదా, ఏనాడూ లేదు. అలాగే చెయ్యి చాపి నిలబడింది. చివరికి అతను తలెత్తి చూశాడు. చూసి, గోడకు చెయ్యి ఆనించాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాకు జాలి కలిగిందని రాస్తే నువ్వు సంతోషిస్తావు. కలగలేదక్కా. కానీ ఆ నీళ్ళు చూసినందుకు సంతోషం కూడా కలగలేదు. కలుగుతుందనే ఇన్నాళ్ళూ ఎదురుచూశాను.

దీన్ని ఏమంటారో నాకు తెలియదు. నీకు తెలిస్తే రాయి. తెలియకపోతే ఇద్దరం కలిసి వెతుకుదాం.

బావ నీతో సరిగ్గా మాట్లాడుతున్నాడా? లేకపోతే చెప్పు, నేను వస్తాను. అరవను. పక్కన కూర్చుంటాను.

నీ చెల్లెలు